చిప్పులోని ప్రత్యేక పిన్నులు – తల్లిదండ్రులకొక పాఠము

మన పాఠశాలలో పై తరగతుల బాలబాలికలు వైజ్ఞానిక ప్రదర్శనమునకై చేయు ఉపకరణములలో నేడొక నల్లని చిప్పు తఱచుగా కానవచ్చుచున్నది. దానికి రెండు ప్రక్కల జెఱ్ఱికాళ్లవలె లోహపు కాళ్లుండును. పిల్లలు దానిని కొనుటకు డబ్బడుగుదురు. రాత్రి ప్రొద్దుపోవువరకు దానియెదుట కూర్చుందురు. అది పని చేసిన దినము పండుగ; చేయని దినమున వారికి అన్నము సహింపదు. ఇంటిలోని పెద్దలు ఇదేమియో తెలియక, వలదనలేక, ఔననలేక యున్నారు. అట్టి తల్లిదండ్రులకొఱకే యీ పాఠమును వ్రాయుచున్నాము. దీనిని చదువుటకు ఇంగ్లీషుగాని, విద్యుచ్ఛాస్త్రముగాని ముందుగా తెలిసియుండ నక్కఱలేదు. అంకెలు చదువగలిగిన చాలును. ఈ మాట యెంత నిజమో మాకొక బాలిక తండ్రియే నేర్పినారు. ఆ సంగతి మొదట చెప్పి, పిదప పాఠమునకు వత్తుము.

జరిగిన సంగతి

తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, ఇద్దఱు తోటి విద్యార్థినులతో కూడి, నీటితొట్టిలోని మట్టమును తెలుపు ఉపకరణమును చేసినది. నీటిపై తేలు బెండు పైకిని క్రిందికిని కదలినపుడు దానికి తగిలించిన మార్పు రెసిస్టరు తిరుగును. అందుచే ఒక తీగపై వోల్టేజి మాఱును. ఆ వోల్టేజిని చిప్పు కొలిచి, మట్టమునుబట్టి దీపములు వెలిగించి, తొట్టి నిండినపుడు గంట మ్రోగించును. నీటి మోటారుతో దానికి సంబంధము లేదు. ఇంటి కరెంటును పిల్లలు తాకరాదని మేమే కట్టడి చేసియుంటిమి.

మొదట పాఠశాలలోని ఆర్డ్వినో ఊనో బోర్డుపై పని చక్కగా సాగినది. ఆ బోర్డును తిరిగి ఇయ్యవలసి వచ్చుటచే, బాలికలు అందలి చిప్పు వంటిదానినే బజారున విడిగా కొని, బ్రెడ్‌బోర్డుపై గ్రుచ్చి, తీగలు కలిపిరి. ఇంటివద్ద రెండు దినములు అది బాగుగానే నడచినది. ప్రదర్శనమునాడు మాత్రము, పాఠశాల మోటారు వేసినప్పుడెల్ల దీపములన్నియు ఆరి, ప్రోగ్రాము మరల మొదటినుండి ఆరంభమగుచు వచ్చినది. నీరు కదలకున్నను మట్టము చూపు అంకె నిలువక ఆడసాగినది. చూడవచ్చినవారిలో కొందఱు నవ్విరి.

మేమప్పుడు, “ప్రోగ్రాము తప్పు వ్రాసినావు” అంటిమి. వివరములు తెఱచి చూడకయే అంటిమి. ఇంటివద్ద తల్లి, “ఈ ఆటలు చాలు, చదువు చూచుకో” అన్నదట. పదవ తరగతి పిదప సైన్సు చదువనని బాలిక చెప్పినదట.

వారము దినములకు బాలిక తండ్రి ఆ ఉపకరణమును సంచిలో పెట్టుకొని మాయొద్దకు వచ్చినారు. వారు మరమగ్గముపై పని చేయువారు. ఊనో బోర్డు చిత్రపటమును కుమార్తెచేత అచ్చు తీయించి, మూడు రాత్రులు ఆమె ప్రక్కన కూర్చుండి అంకెకు అంకె సరిచూచినారు. “సారూ, నాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వస్తాయి. ఈ బొమ్మలో ఇరవైకి గీత ఉంది, మా దాంట్లో ఇరవైకి తీగే లేదు. బొమ్మలో ఒకటిని ఏదో అడ్డం పెట్టి పైకి కట్టినారు. మా దాంట్లో ఒకటికి ఇంత పొడుగు తీగ వేలాడుతోంది. పడుగులో పోగు వేలాడితే మగ్గం సాగుతుందా?” అని అడిగినారు.

మేము సిగ్గుపడితిమి. ప్రోగ్రాములో తప్పు లేదు. తప్పు పిన్నులను కలుపుటలో ఉన్నది. ఆ పిన్నుల సంగతియే యీ పాఠము.

చిప్పును చదువు విధము

ఆ చిప్పు పేరు ఏటిమెగా 328 పి. దీని జాతి చిప్పులకు ఏవీఆర్ అని పేరు. ఆ జాతి నార్వే దేశమున ట్రాండ్‌హైమ్ నగరములో ఇద్దఱు విద్యార్థుల ఆలోచననుండి పుట్టినది. ఆట్మెల్ అను సంస్థ దానిని లోకమునకు తెచ్చినది. 2016లో ఆ సంస్థ మైక్రోచిప్ సంస్థలో కలిసినది. 2005లో ఇటలీ దేశమున ఇవ్రియా అను పట్టణములో మొదలైన ఆర్డ్వినో బోర్డులు ఈ జాతి చిప్పులనే వాడుటచే, ఇవి బడిపిల్లల చేతులకు వచ్చినవి.

బ్రెడ్‌బోర్డుపై గ్రుచ్చు చిప్పునకు 28 పిన్నులుండును. ఒక కొనయందు అర్ధచంద్రాకారపు నొక్కు కలదు. ఆ నొక్కు పైకి వచ్చునట్లు చిప్పును పెట్టిన, ఎడమప్రక్క పైనున్నది 1వ పిన్ను. అచటినుండి క్రిందికి 14 వఱకు లెక్కించి, కుడిప్రక్కకు దాటి, 15తో మొదలిడి పైకి 28 వఱకు లెక్కింపవలయును. ఎదురెదురుగా నున్న రెండు పిన్నుల అంకెలు కూడినచో ఎల్లప్పుడు 29 వచ్చును. లెక్క తప్పలేదని తెలిసికొనుట కిది సులభమైన గుర్తు.

ఈ పిన్నులలో ఎక్కువభాగము సామాన్యమైనవి. దీపము వెలిగించుటకో, మీట నొక్కినది తెలిసికొనుటకో మన ఇష్టము చొప్పున వాడుకొనవచ్చును. కొన్ని మాత్రము ప్రత్యేక కార్యమునకై ఏర్పడినవి. కరెంటు తెచ్చునది, కొలతకు ఆధారమైనది, పనిని మొదటినుండి ఆరంభింపజేయునది, కాలమును లెక్కించునది – ఇట్టివి. బోర్డు కొన్నప్పుడు వీనినన్నిటిని బోర్డు చేసినవారే కలిపి యిచ్చెదరు. కావున వీని ఉనికియే పిల్లలకు తెలియదు. చిప్పును విడిగా వాడిన క్షణముననే ఆ భారము పిల్లలపై పడును. మన బాలికకు జరిగినది సరిగా ఇదియే.

కరెంటు పిన్నులు: 7, 8, 20, 22

7వ పిన్ను చిప్పునకు కరెంటు వచ్చు ద్వారము. 8, 22 పిన్నులు భూమి; రెండింటిని తప్పక కలుపవలయును. ఇంతవఱకు పిల్లలు మఱవరు. మఱచునది 20వ పిన్ను. దానికి ఏవీసీసీ అని పేరు. వోల్టేజిని కొలుచు భాగమునకు వేఱుగా కరెంటు నిచ్చు ద్వారమది. 23 మొదలు 26 వఱకు గల నాలుగు పిన్నులకు సైతము కరెంటు ఇచటినుండియే అందును.

కొలిచెడి పని లేకున్నను 20వ పిన్నును 7వ పిన్నుతోపాటు కరెంటునకు కలుపవలయునని తయారుచేసినవారి వివరణ పత్రము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ పత్రమును పిల్లలు డేటాషీటందురు. కలుపనిచో చిప్పు పూర్తిగా ఆగిపోదు, అదియే చిక్కు. లోపలి అడ్డదారులలో కొంత కరెంటు జాఱి, సగము పని జరుగును. దీపములు వెలుగును, కొలత మాత్రము నమ్మరానిదగును. పూర్తిగా పాడైనదానికంటె సగము పనిచేయునది మనుష్యుని ఎక్కువగా మోసగించును.

కొలత మఱింత నిలుకడగా ఉండవలెనన్నచో, 20వ పిన్నుకు కరెంటును నేరుగా గాక 10 మైక్రోహెన్రీల చుట్టద్వారా పంపి, ఆ పిన్నునుండి భూమికి 0.1 మైక్రోఫారడు కెపాసిటరును పెట్టుమని ఆ పత్రమే చెప్పుచున్నది. అట్టి కెపాసిటరునే 7, 8 పిన్నుల నడుమ కూడ చిప్పునకు దగ్గరగా ఉంచవలయును. కుండలోని నీరు కుళాయి ఆగినపుడు దాహము తీర్చునట్లు, చిప్పు ఒక్కసారిగా కరెంటు కోరినపుడు ఇది ఆదుకొనును. చిన్న బిళ్లవంటి ఈ కెపాసిటరుపై 104 అను అంకె ఉండును.

కొలబద్ద పిన్ను: 21

కొలుచుటకు కొలబద్ద కావలయును. ఈ చిప్పు తనకు వచ్చిన వోల్టేజిని 0 మొదలు 1023 వఱకు గల అంకెగా మార్చును. పూర్తి కొలత 5 వోల్టులైనచో ఒక్కొక్క అంకె సుమారు 4.9 మిల్లీవోల్టులకు సమానము. ఆ పూర్తి కొలత ఎంతయో నిర్ణయించు వోల్టేజి 21వ పిన్నుపై ఉండును. దాని పేరు ఏరెఫ్. కొలబద్దయే సాగుచు ముడుచుకొనుచున్నచో గుడ్డ కొలత ఎట్లు నిలుచును? కావున ఈ పిన్నునుండి భూమికి మఱియొక 104 కెపాసిటరును పెట్టవలయును.

ఇచట ఒక హెచ్చరిక కలదు. చిప్పు తనలోని 1.1 వోల్టుల ఆధారమునుగాని, 20వ పిన్ను వోల్టేజినిగాని కొలబద్దగా తీసికొనగలదు. అట్లు తీసికొన్నప్పుడు ఆ వోల్టేజి లోపలినుండి 21వ పిన్నుకు వచ్చి చేరును. అదే సమయమున పిల్లలు వెలుపలినుండి వేఱొక వోల్టేజిని నేరుగా 21కి తగిలించినచో రెండును ఒకదానితో నొకటి ఢీకొని చిప్పు చెడవచ్చును. 20 ప్రక్కనే 21 ఉండుటచే, “రెండును కరెంటువే” అని పిల్లలు కలుపుట కలదు. 21కి సామాన్యముగా కెపాసిటరు తప్ప మఱేమియు వలదు.

ఆరంభపు పిన్ను: 1

1వ పిన్ను పేరు రీసెట్. పత్రములో ఈ పేరుమీద అడ్డముగా ఒక గీత కలదు. ఆ గీత అలంకారము కాదు. “వోల్టేజి తగ్గినపుడు ఈ పిన్ను పనిచేయును” అని దాని అర్థము. పిన్ను 5 వోల్టులవద్ద ఉన్నంతసేపు ప్రోగ్రాము నడచును. భూమికి దిగినచో పని ఆగి, విడిచినపుడు మొదటినుండి ఆరంభమగును.

పిన్ను ఎల్లప్పుడు పైకి లాగబడియుండుటకై చిప్పులోనే ఒక రెసిస్టరు కలదు. దాని విలువ 30 నుండి 60 కిలో ఓములు. విలువ పెద్దదగుటచే ఆ లాగుడు బలహీనమైనది. మన బాలిక పెట్టె మూతమీద మీట పెట్టి, అందాక బారెడు తీగను ఈ పిన్నునుండి లాగినది. పొడుగు తీగ గాలిలోని విద్యుత్కంపములను ఏరియల్ వలె పట్టుకొనును. ఇంటివద్ద మోటారు లేదు, పాఠశాలలో ఉన్నది. మోటారు వేసిన క్షణమున పుట్టిన కంపము తీగలో ప్రవేశించి పిన్నును క్రిందికి గుంజినది. సెకనులో పదిలక్షవ వంతును మైక్రోసెకనందుము, 2.5 మైక్రోసెకనులపాటు పిన్ను క్రింద ఉన్న చాలును, చిప్పు దానిని ఆజ్ఞగా గ్రహించును. ఆ చిప్పు తనకందిన ఆజ్ఞను పాటించినది. మేము బాలికను తప్పుపట్టితిమి.

దీనికి మందు చిన్నది. 1వ పిన్నునుండి 5 వోల్టులకు 10 కిలో ఓముల రెసిస్టరును కలుపవలయును. ఊనో బోర్డుపై ఉన్నది ఇదియే. ఆ తండ్రి “అడ్డం పెట్టి పైకి కట్టినారు” అన్నదియు దీనినే. నాలుగు పట్టీల రెసిస్టరైనచో మొదటి మూడును గోధుమ, నలుపు, నారింజ రంగులుగా ఉండును. మీటను 1వ పిన్నుకు, భూమికి నడుమ, పొట్టి తీగలతో పెట్టవలయును.

ఇంకొక విశేషము. చిప్పును ఒక ప్రత్యేక పద్ధతిలో ప్రోగ్రాము చేయుటకు ఈ పిన్నుపై 12 వోల్టులు పెట్టుదురు. అందువలన తక్కిన పిన్నులకు కరెంటువైపు గల రక్షణ డయోడు దీనికి లేదు. పొడిగాలి వీచు వేసవిలో సిల్కు బట్టనో, ప్లాస్టిక్ కుర్చీనో రాచుకొన్న చేతితో దీనిని తాకుట మంచిది కాదు. ముందుగా భూమికి కలిసిన లోహమును తాకుట అలవాటు చేయవలయును.

కాలపు పిన్నులు: 9, 10

చిప్పు చేయు ప్రతి పనికి తాళము కావలయును. ఆ తాళమును 9, 10 పిన్నుల నడుమ పెట్టు క్రిస్టల్ అను స్ఫటికము వేయును. పిల్లలు సామాన్యముగా 16 మెగాహెర్ట్జ్ స్ఫటికమును, అనగా సెకనునకు కోటియరువది లక్షల తాళములు వేయుదానిని వాడెదరు. దాని ఇరుకొనలనుండి భూమికి 22 పికోఫారడుల కెపాసిటర్లు రెండు కావలయును. ఈ మూడును చిప్పును ఆనుకొని ఉండవలయును.

కొత్తగా కొన్న ఉత్త చిప్పు స్ఫటికము లేకున్నను, తనలోని గడియారముతో 1 మెగాహెర్ట్జ్ వేగమున నడచును. ఫ్యూజులను అమరికలచే దానిని వెలుపలి స్ఫటికమునకు మార్పవచ్చును. అట్లు మార్చిన చిప్పును స్ఫటికము లేక పెట్టినచో, అది చచ్చినదానివలె ఊరకుండును. కొత్త ప్రోగ్రామునుగూడ స్వీకరింపదు. అనేకులు అట్టి చిప్పును పాఱవైచి మఱియొకటి కొందురు. అది చావలేదు, తాళము కొఱకు వేచియున్నది. స్ఫటికమును పెట్టిన లేచును. రీసెట్ పిన్నును సామాన్య పిన్నుగా మార్చు ఫ్యూజు మాత్రము పిల్లలు ముట్టరాదు. అది మార్చినపిదప మామూలు ఉపకరణములతో చిప్పును మరల ప్రోగ్రాము చేయుట సాధ్యపడదు.

జంటతీగ పిన్నులు, వాడని పిన్నులు

27, 28 పిన్నులు మఱియొక చిప్పుతోనో, చిన్న తెరతోనో మాటలాడుటకు వాడు జంట. ఈ తీగలను చిప్పు క్రిందికి లాగగలదే కాని పైకి ఎత్తలేదు. కావున ఒక్కొక్క తీగనుండి 5 వోల్టులకు 4.7 కిలో ఓముల రెసిస్టరు పెట్టుదురు. దానిపై పసుపు, ఊదా, ఎఱుపు పట్టీలుండును. కొన్న తెరమీద అవి ముందే ఉండవచ్చును, చూచి పెట్టవలయును.

ఇక వాడని సామాన్య పిన్నులు. “వాడము గదా, వదలిన నేమి?” అని పిల్లలందురు. వదలిన పిన్ను పైకిని క్రిందికిని ఊగులాడుచు కరెంటును వ్యర్థము చేయును. అట్లని దానిని నేరుగా 5 వోల్టులకో భూమికో కట్టరాదు. ప్రోగ్రాములో పొరపాటున అది కరెంటు పంపు పిన్నుగా మాఱినచో మితిమీఱిన కరెంటు ప్రవహించును. ప్రోగ్రాములోనే ఒక్క వాక్యముచే ఆ పిన్నుకు లోపలి రెసిస్టరును తగిలించుట సులభమైన మార్గము. దీపములు కట్టు పిన్నులనుండి సైతము ఒక్కొక్కదానినుండి 40 మిల్లీయాంపియర్లకు మించి తీసికొనిన చిప్పు చెడును. అందులో సగముతో తృప్తిపడుట మేలు.

మరల ఆ ఉపకరణము

ఆ సాయంకాలము బాలికను పిలిపించి, తండ్రి యెదుటనే, “తప్పు నీ ప్రోగ్రాములో లేదు, మా మాటలో ఉన్నది” అని చెప్పితిమి. 20వ పిన్నును కలిపి, 1వ పిన్నుకు రెసిస్టరు పెట్టి, బారెడు తీగను జానెడు చేసి, 21వ పిన్నుకు కెపాసిటరు తగిల్చితిమి. ఈ వస్తువులన్నిటికి అయిన ఖర్చు ఒక నోటుపుస్తకపు వెలకు మించలేదు. పిదప పాఠశాల మోటారును పదిమాఱులు వేసి ఆపించితిమి. దీపములు చలింపలేదు. అంకె మాత్రము ఒకటి రెండు స్థానములు ఇంకను ఆడుచుండెను. నీటిలోని అలచేత బెండు కదలుచున్నదని బాలికయే కనిపెట్టి, పదిసార్లు కొలిచి సగటు తీయు వాక్యమును వ్రాసినది. తండ్రి ఏమియు అనక ఖాళీ సంచిని మడిచి చేతబట్టుకొని చూచుచుండిరి. బాలిక ఇప్పుడు సైన్సు చదువనన్న మాట ఎత్తుట లేదు.

ఇంటిలో చూడవలసినవి

పిల్లల ఉపకరణము పని చేయనపుడు తల్లిదండ్రులు వారి ప్రక్కన కూర్చుండి, క్రింది ప్రశ్నలను వరుసగా అడుగవలయునని కోరుచున్నాము. కరెంటు తీసివేసిన పిదపనే తీగలను తాకవలయును.

1. నొక్కు ఏ వైపున ఉన్నది? 1వ పిన్ను ఏది?
2. 7, 20 పిన్నులు రెండును కరెంటునకు, 8, 22 రెండును భూమికి కలిసినవా?
3. 1వ పిన్నుకు 10 కిలో ఓముల రెసిస్టరు ఉన్నదా? దాని తీగ పొట్టిదేనా?
4. 21వ పిన్నుకు కెపాసిటరు తప్ప మఱేదైన తగిలినదా?
5. స్ఫటికమును వాడుచున్నచో 9, 10 పిన్నులవద్ద అదియు, రెండు కెపాసిటర్లును ఉన్నవా?
6. వాడని పిన్నులను ఏమి చేసితిరి?
7. ఈ సంగతి వివరణ పత్రమున ఏ పుటలో ఉన్నది?

ఏడవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. మనకు సమాధానము తెలియనక్కఱలేదు. పిల్లలు చూపిన చాలును. ఊహతో కలుపుట మాని, చేసినవారు వ్రాసినది చూచి కలుపు అలవాటు వారికి అబ్బును.

చిప్పు పాడైన మఱియొకటి దొఱకును. “నాకు చేతగాదు” అను తలంపు పిల్లవాని మనస్సున నాటుకొన్నచో దానిని పెఱికివేయుట కష్టము. కావున తప్పెవరిదని అడుగుటకు ముందు ఒకటినుండి ఇరువదియెనిమిది వఱకు పిన్నులను లెక్కింతము. మేమును ఇకపై అట్లే చేయుదుమని యీ ముఖమున తల్లిదండ్రులకు మాట ఇచ్చుచున్నాము.